ఏడో బొమ్మలో గిన్నెల స్టాండు

"దొంగే ఒప్పుకున్నాక ఇంకా దర్యాప్తు దేనికమ్మా?" అన్నాడు ప్రొఫెసర్, కళ్ళజోడు తుడుచుకుంటూ.

సూదమ్మ బల్ల మీది కాగితాలు తన వైపు తిప్పుకుంది. పోలీసుశాఖలో ఉన్నన్నాళ్ళూ వెనకాల గుసగుసగా అనుకునే పేరది. ఉద్యోగం మానేసి సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్నాక మొహం మీదే పిలుస్తున్నారు. ఎక్కడ గుచ్చాలో తెలిసిన మనిషని కొందరు, గుచ్చందే నిద్రపోదని మరికొందరు. ఆవిడ దేనికీ నొచ్చుకోదు. అంతకన్నా నొచ్చుకోవలసినవి ఆ ఉద్యోగంలో చాలా జరిగాయి.

ఈ గది పక్కనున్న మెట్ల మీద నుంచే మొన్న ఆ అమ్మాయి పడింది. ఈయన దగ్గరే పరిశోధన చేస్తోంది. ఇంకా స్పృహ రాలేదు. థీసిస్ కాపీ కొట్టిన సంగతి బయటపడి, తలెత్తుకోలేక దూకేసిందని పోలీసులంటున్నారు. ఈ సాయంత్రం కాలేజీ కమిటీ కూర్చుని, అవును దొంగే అని సంతకాలు పెడుతుంది. ఆ కాగితం అందగానే పోలీసులు ఫైలు కట్టేస్తారు. పిల్ల కళ్ళు తెరిస్తే దొంగ అన్న పేరు మంచం పక్కనే కాచుకుని ఉంటుంది. తోసినవాడంటూ ఒకడుంటే, వాడు హాయిగా ఇంటికి పోయి భోంచేస్తాడు. సాయంత్రంలోగా ఏదో ఒకటి తేల్చమని ఆ పిల్ల తల్లి సూదమ్మని బతిమాలుకుంది.

"ఒప్పుకుందంటున్నది ఈ కాగితాల్లోనేనా?"

"ఆ. మా కాలేజీలో కాపీ కొట్టిన ప్రతివాళ్ళ చేతా రాయిస్తాం. ఇతరుల ఆలోచనలు వాడుకోవడం గురించి నీకేం అర్థమైందో రాయి అని. ఆత్మపరిశీలన. ఇదిగో చూడండి, ఎర్రసిరాతో గీత గీశాను. 'నాది కానిదాన్ని నాదిగా రాసుకున్నాను.' ఇంతకన్నా ఏం కావాలి?"

"గీత గీయని చోట ఏముంది?"

"సోది."

"సోది నాకిష్టం సార్. ఇలా ఇవ్వండి."

కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది. ప్రొఫెసర్ బీరువాలోంచి డిపార్ట్‌మెంట్ పత్రిక తీసి బల్ల మీద ఆ అమ్మాయి థీసిస్ పక్కన పడేశాడు. అట్ట మీద నాలుగేళ్ళ కిందటి సంవత్సరం. లోపల ఆయన పేరుతో వ్యాసం, వ్యాసంలో పన్నెండు వంటిళ్ళ బొమ్మలు. వంటింట్లో సామాన్లు ఎక్కడెక్కడ పెట్టుకుంటారో చూస్తే ఆ ఇంటి ఆడమనిషి ఒంట్లో ఎక్కడ నొప్పి ఉందో చెప్పొచ్చట. అదీ వ్యాసం. ఆ అమ్మాయి థీసిస్ కూడా అదే, బొమ్మలూ అవే. పోయిన నెల పట్టుకొచ్చి ఇచ్చింది. వ్యాసం నాలుగేళ్ళ కిందటిది, థీసిస్ నెల కిందటిది. ఎవరిది ఎవరు ఎత్తుకొచ్చారో చిన్నపిల్లలైనా చెబుతారన్నాడు ప్రొఫెసర్.

సూదమ్మ పత్రిక తెరిచింది. అట్ట ఫెళ్ళుమంది. రెండు కాగితాలు అంచు దగ్గర అతుక్కుపోయి ఉంటే గోటితో విడదీసింది.

"నాలుగేళ్ళుగా ఎవరూ తెరిచినట్టు లేదే పాపం."

"మా పత్రికలు ఎవరు చదువుతారమ్మా? రాసినవాడు తన పేరు సరిగ్గా పడిందో లేదో చూసుకుంటే గొప్ప. నేను సంపాదకుణ్ణి కాబట్టి అదైనా చూసుకుంటాను."

"ఈ పన్నెండు ఇళ్ళూ మీరే తిరిగారా?"

"గడప గడపా ఎక్కాను."

"ఏడో బొమ్మలో గిన్నెల స్టాండు చూడండి. ఎవరైనా సింకు మీద, చేతికందే ఎత్తులో బిగించుకుంటారు. ఇక్కడేమో తలుపు రెక్క చాటున, నడుం ఎత్తులో ఉంది. ఎందుకని?"

"కింద రాశానుగా. గృహిణి పొట్టిగా ఉండటం వల్ల."

"ఆవిణ్ణి చూశారా?"

"చూడకుండా ఎలా రాస్తాను? ఇదిగో, ఇంతుంటుంది," అని ప్రొఫెసర్ అరచెయ్యి తన ఛాతీ దగ్గర పెట్టి చూపించాడు.

"థీసిస్‌లో ఆ అమ్మాయి ఇదే బొమ్మ కింద ఏమీ రాయలేదు. మిగతా పదకొండింటికీ రాసి దీనికి వదిలేసింది."

"కాపీ కొట్టడానికి కూడా బద్ధకం ఈ కాలం పిల్లలకి. నా దగ్గర పెద్ద పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు పరిశోధన చేస్తున్నారు, తెలుసా? పొద్దంతా డ్యూటీ, ఆ తరవాత చదువు. వాళ్ళకి లేని కష్టం ఈ పిల్లకేమిటి?"

"వాళ్ళు మెట్ల మీద నుంచి పడలేదు సార్," అని సూదమ్మ లేచింది.

*

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. కాగితాలు తీసి ఎర్రగీతలు లేని చోటు నుంచి చదవడం మొదలుపెట్టింది.

"ఆలోచన ఎవరిదో నిజాయితీగా రాయమన్నారు. రాస్తున్నాను. మా అమ్మ ఎవరింటికి వెళ్ళొచ్చినా దారిలో నాతో ఒక మాట చెప్పేది. 'ఆవిడకి మోకాళ్ళు పోయాయే, బియ్యం డబ్బా గట్టు మీదకెక్కింది చూశావా?' అనో, 'ఆ పిల్లకి నడుం నొప్పి, చీపురుకి పొడుగు కర్ర కట్టించుకుంది' అనో. నా థీసిస్ మొత్తం ఆ మాటే. పుస్తకాలు రాసినవాళ్ళ దగ్గర తీసుకుంటే పేజీ అడుగున చిన్న అక్షరాలతో పేరు వేస్తాం. అమ్మ పేరు ఏ పేజీ అడుగున వెయ్యాలో నాకెవరూ నేర్పలేదు. నాది కానిదాన్ని నాదిగా రాసుకున్నాను. నేను చేసిన దొంగతనం అదొక్కటే."

సూదమ్మ ఒక నిమిషం కిటికీలోంచి బయటికి చూసింది. తరవాత మళ్ళీ చదివింది.

"మాటలన్నీ అరువే. నేర్చుకున్నదంతా ఎవరో ఒకరు నేర్పిందే. అరువు తెచ్చుకోవడం తప్పయితే పసిపిల్లలు నోరు విప్పకూడదు. అరువని చెప్పేవాళ్ళూ, చెప్పనివాళ్ళూ అని మనుషులు రెండు రకాలు. అంతే తేడా. పగలు ఉద్యోగం చేసుకునే ఒకాయన కోసం నేను మూడు అధ్యాయాలు రాసిపెట్టాను. నా బొమ్మలు కూడా ఆయన పుస్తకంలోకి వెళ్ళాయి. గైడుగారు దాన్ని సాయం అన్నారు. నేను రాసింది వాళ్ళ పేరు మీదకి పోతే సాయం, నా పేరు మీదే ఉంటే దొంగతనం. ఈ లెక్క నాకు అంతుపట్టలేదు. కమిటీ పెద్దలు విడమరిచి చెప్పాలి."

వెటకారం తెలిసిన పిల్లే. చచ్చిపోదామనుకున్నవాళ్ళు ఇంత తీరిగ్గా దెప్పుతూ రాయరు.

ఆవిడకి ఇంట్లో భోజనాల బల్ల గుర్తొచ్చింది. నలుగురు స్నేహితుల్ని పిలిచినప్పుడల్లా వాళ్ళాయన ఆవిడ తేల్చిన కేసులు చెబుతాడు. "అప్పుడు మేం ఏమనుకున్నామంటే" అని మొదలుపెడతాడు. కూర వడ్డిస్తూ ఆవిడ ఆ 'మేం' వింటూ ఉంటుంది. ముప్ఫై ఏళ్ళుగా వింటూనే ఉంది.

*

తల్లి తలుపు తీసింది. ఆవిడ మొహం చూడాలంటే సూదమ్మ తలెత్తవలసి వచ్చింది. గుమ్మానికి తల తగలకుండా అలవాటుగా వంగి నడిచే మనిషి. నిద్రలేక కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి.

"వంటిల్లు చూడాలన్నారుగా, రండి. సర్దలేదు, ఏమనుకోకండి. మా పిచ్చుక ఉంటే ఇలా ఉండనిచ్చేది కాదు." కూతుర్ని ఇంట్లో అలాగే పిలుస్తుంది.

"ముందు కాసిని మంచినీళ్ళు."

"కుండలో ఉన్నాయి, తీసుకోండమ్మా. మీకు ఒంపి ఇవ్వాలంటే నా చెయ్యి లేవదు."

సూదమ్మ చెయ్యి గ్లాసు కోసం అలవాటుగా సింకు పైకి వెళ్ళింది. అక్కడ గ్లాసు లేదు, స్టాండూ లేదు. గోడ మీద నాలుగు మేకుల కన్నాలు, వాటి మధ్య చుట్టూ ఉన్న గోడ కన్నా తెల్లగా నలుచదరపు మచ్చ.

"అక్కడ కాదమ్మా," అంది తల్లి. మొన్నటి తరవాత మొదటిసారి ఆవిడ పెదవి కాస్త కదిలింది. "వచ్చినవాళ్ళందరూ పైకే చూస్తారు. వెనక్కి తిరిగి, ఆ తలుపు రెక్క చాటున చూడండి."

తలుపు రెక్క పక్కకి లాగితే కనిపించింది. నడుం ఎత్తులో గిన్నెల స్టాండు. పై వరసలో కంచాలు, కింద గ్లాసులు, ఒక మూల వంకరపోయిన గరిటెలు. ఏడో బొమ్మ అచ్చు గుద్దినట్టుంది.

"ఇది ఇక్కడికెప్పుడొచ్చింది?"

"పోయినేడు బాత్రూంలో జారిపడ్డాను. కుడిభుజం విరిగింది. అతికింది గానీ పైకి లేవదు. సింకు మీద స్టాండు అందక రోజూ గిన్నెలు జారవిడిచేదాన్ని. కిందికి దించుదామంటే కుళాయి అడ్డం. అందుకని మా పిచ్చుకే విప్పి ఇక్కడ బిగించింది. సుత్తి వేలి మీద కొట్టుకుని నన్నే తిట్టింది." తల్లి ఎడమచేత్తో స్టాండు అంచు తడిమింది. "ఈ వంటిల్లు కూడా బొమ్మ గీస్తానమ్మా అంది. గీసుకో, కానీ నా చెయ్యి సంగతి రాయకు అన్నాను. మా తోడికోడళ్ళు చదివితే అవిటిదైపోయిందంటారని. సరేలే, ఏమీ రాయనులే అంది. రాసి ఉంటే బాగుండేదేమో కదమ్మా?"

"రాయకపోవడమే మంచిదైంది," అంది సూదమ్మ, తలుపు రెక్క మళ్ళీ స్టాండు మీదకి నెడుతూ.

చదువుకున్నవాళ్ళకి ఒక జబ్బుంది. కారణం తెలియని చోట ఖాళీగా వదల్లేరు. కూతురు తల్లికిచ్చిన మాట కోసం వదిలేసిన ఖాళీని ప్రొఫెసర్ తన బుర్రతో నింపాడు. పొట్టావిణ్ణి పుట్టించాడు. ఆ సిద్ధాంతం నిజంగా ఆయనదే అయితే, స్టాండు కిందికి దిగిందంటే ఎక్కడో నొప్పి ఉందని ముందు ఆయనకే తట్టాలి. ఆస్తి ఎత్తుకుపోయాడు గానీ దాన్ని వాడుకోవడం తెలియలేదు.

అప్పుడే వీధి తలుపు చప్పుడైంది. అడక్కుండానే లోపలికొచ్చాడు ఇన్‌స్పెక్టర్. ఒకప్పుడు సూదమ్మ చేతి కింద పని నేర్చుకున్నవాడు. నగల దుకాణం కేసులో దొంగ ఇంటివాడేనని ఆవిడ తేల్చి చెబితే, ఆ మాటే రిపోర్టులో రాసుకుని మెడల్ తెచ్చుకున్నవాడు. సన్మానం రోజు ఆవిడకి మొదటి వరసలో కుర్చీ వేయించాడు, ఆ గౌరవం తక్కువ చెయ్యలేదు.

"అక్కా, మీరా? రిటైరయ్యాక హాయిగా సీరియల్ చూసుకోక ఏమిటీ తిరుగుళ్ళు?"

"రిటైరవలేదు తమ్ముడూ, మానేశాను. నా ఆలోచనలన్నీ నీ చొక్కాకి తగిలిస్తుంటే బరువుకి వంగిపోతావేమోనని."

నవ్వాడు. నవ్వడం బాగా తెలిసినవాడు. జేబులోంచి ఒక కాగితం, కలం తీసి తల్లి ముందు గట్టు మీద పెట్టాడు. "ఏం లేదమ్మా, చిన్న సంతకం. మీ అమ్మాయి కొన్నాళ్ళుగా దిగులుగా ఉంటోందని. నిజమేగా? సంతకం పెడితే ఈ తిప్పలన్నీ పోతాయి. ప్రశాంతంగా పిల్లని చూసుకోవచ్చు."

తల్లి కాగితం వంక చూసింది, సూదమ్మ వంక చూసింది. "ఎండనపడి వచ్చారు, ముందు మంచినీళ్ళు తాగండి బాబూ," అంది, ఏం చెయ్యాలో తోచక.

"దిగులు పడిన పిల్ల కమిటీని ఎద్దేవా చేస్తూ రాస్తుందా?" అంది సూదమ్మ. "ఆ థీసిసూ, ఆ పత్రికా పక్కపక్కన పెట్టి చూశావా అసలు?"

"నేనా? ఆ థీసిస్ అట్ట కూడా తిప్పలేదక్కా. పంతుళ్ళ గొడవలు నాకెక్కడ అర్థమవుతాయి? దొంగని ప్రొఫెసరుగారు చెప్పారు, ఒప్పుకుంటూ ఆ పిల్లే రాసింది. నాకది చాలు." ఆవిడ మొహంలోకే చూస్తూ, చెయ్యి వెనక్కి పోనిచ్చి గ్లాసు అందుకున్నాడు. కుండలో ముంచుకుని గటగటా తాగాడు. "సాయంత్రానికి ఫైలు మూసెయ్యాలి. పైనుంచి ఒత్తిడి."

"మూస్తే నష్టపోతావు."

"ఎలా?"

సూదమ్మ ఆగింది. చెబితే ఏమవుతుందో ఆవిడకి తెలుసు. నోట్లోంచి మాట బయటపడ్డ మరుక్షణం అది ఇతనిదైపోతుంది. రేపు పేపర్లో ఇతని ఫోటో పడుతుంది, ఎల్లుండి ఇంట్లో భోజనాల బల్ల దగ్గర వాళ్ళాయన కూడా 'మేం' అంటాడు. చెప్పకపోతే? అచ్చాఫీసుకి వెళ్ళి రికార్డులు చూపించమనే అధికారం తనకి లేదు. గోడ మీద మేకుల కన్నాలు చూపించి కమిటీని ఆపడం తన వల్ల కాదు. తల్లి ఎడమచెయ్యి గట్టు మీద కలం పక్కనే ఉంది.

ఆ పిల్ల రాసిన మాట గుర్తొచ్చింది. చెప్పేవాళ్ళూ, చెప్పనివాళ్ళూ. ఇతను ఏ రకమో తెలియనిది కాదు. అయినా ఇప్పుడు కావలసింది పిల్ల పేరు నిలబడటం, తన పేరు కాదు.

"విను," అంది. "ఆ స్టాండు పోయినేడు ఈవిడ భుజం విరిగాక ఇక్కడికి మారింది. విరిగిన భుజానికి ఆస్పత్రి ఎక్స్‌రే ఉంటుంది. మరి నాలుగేళ్ళ కిందటి పత్రికలోకి ఈ బొమ్మ ఎలా వెళ్ళింది? వెళ్ళలేదు. ఆ పత్రిక పాతది కాదు. ఇలాంటి పత్రికలు ఏళ్ళ తరబడి వెనకబడి ఉంటాయి. బాకీపడ్డ సంచికల్ని ఎప్పుడో అచ్చేసి, అట్ట మీద మాత్రం రావలసిన పాత సంవత్సరమే వేస్తారు. వాళ్ళకది మామూలే, ఎవరూ తప్పనుకోరు. ఆ అలవాటునే ప్రొఫెసర్ వాడుకున్నాడు. సంపాదకుడు ఆయనే. పిల్ల థీసిస్ చేతికొచ్చాక ఈ నెలలోనే అచ్చు వేయించాడు. కాగితాలు ఇంకా విడిపోలేదు. అచ్చాఫీసుకి వెళ్ళి, ఎప్పుడు వేశారో అడిగితే చాలు."

ఇన్‌స్పెక్టర్ గ్లాసు సింకులో పెట్టాడు. సంతకం కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నాకూ నిన్నటి నుంచి ఇదే అనుమానంగా ఉందక్కా," అన్నాడు.

సూదమ్మకి నవ్వొచ్చింది. ఒక్క పూటైనా ఆగలేదు.

"అచ్చాఫీసు పని నేను చూసుకుంటాను. మీరు ఎవరితోనూ అనకండి, ప్రొఫెసర్ జాగ్రత్తపడతాడు. ఆ స్టాండు కూడా మా వాళ్ళని పంపి విప్పించి, స్టేషన్లో భద్రంగా పెట్టిస్తాను. మీరు మాత్రం ముట్టుకోకండి." గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "మీరు లేకపోతే మా గతేమయ్యేదో అక్కా."

జీపు వెళ్ళిపోయింది. తల్లి చెంగుతో కళ్ళు తుడుచుకుంది. "మంచి మనిషి. మీ మాటకి విలువిచ్చాడు. పిల్ల దొంగ కాదని తేలిపోయినట్టేనా అమ్మా?"

"తేలుతుంది," అంది సూదమ్మ.

ఆవిడకి చేతులు ఊరికే పెట్టుకోవడం చేతకాదు. సింకులో గ్లాసు కడిగింది. కడిగి, తడి విదిలించి, స్టాండులో పెట్టబోయింది. చెయ్యి మళ్ళీ పైకే వెళ్ళింది. మేకుల కన్నాల దగ్గర గోడకి గ్లాసు అంచు తగిలి టంగుమంది.

చెయ్యి అక్కడే ఆగిపోయింది.

స్టాండు ఎక్కడుందో ఇందాకే చూసింది. దాని కథంతా విన్నది. అయినా చెయ్యి అలవాటు కొద్దీ పైకే పోయింది. వచ్చినవాళ్ళందరూ పైకే చూస్తారని తల్లి చెప్పనే చెప్పింది.

అతను పైకి చూడలేదు. తలుపు వంకా చూడలేదు. తన మొహంలోకి చూస్తూనే రెక్క చాటుకి చెయ్యి పోనిచ్చి, కింది వరసలోంచి గ్లాసు తీశాడు.

"ఈయన ఇంతకు ముందు మీ ఇంటికి వచ్చాడా?"

"లేదమ్మా. ఆస్పత్రిలోనే చూశాను. ఈ గుమ్మం తొక్కడం ఇదే మొదలు."

ఇంటికి రాని మనిషికి ఈ వంటిల్లు ఒక్క చోటే కనిపించి ఉండాలి. ఏడో బొమ్మలో. ఊరికే ఒకసారి చూస్తే సరిపోదు. తన పుస్తకంలో పెట్టుకుని, పరీక్షకులు అడిగితే చెప్పడానికి కంఠతా పట్టినవాడికే చూడకుండా చెయ్యి అటు వెళుతుంది. అట్ట కూడా తిప్పలేదన్నాడు.

పగలు ఉద్యోగం చేసుకునే ఒకాయన. మూడు అధ్యాయాలు. నా బొమ్మలు కూడా ఆయన పుస్తకంలోకి వెళ్ళాయి.

పిల్ల కమిటీ ముందు నోరు విప్పితే ప్రొఫెసర్ ఒక్కడే పోడు. పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోబోతున్న ఈ పోలీసు కూడా పోతాడు. అచ్చాఫీసు సంగతి, ఎక్స్‌రే సంగతి, స్టాండు సంగతి అన్నీ వరసగా, వివరంగా, తన నోటితో తనే అప్పజెప్పింది. ఇన్నేళ్ళుగా అతను దొంగిలించుకుంటూ వచ్చాడు. ఈసారి పిలిచి మరీ చేతిలో పెట్టింది.

"ఆస్పత్రిలో పిల్ల దగ్గర ఎవరున్నారు?"

"నేనే కదలకుండా కూచున్నానమ్మా. ఒకసారి ఇంటికి వెళ్ళాలంటే ఈ బాబే, వెళ్ళిరండమ్మా, మా మనిషిని తలుపు దగ్గర పెడతాను, నన్నడక్కుండా ఎవర్నీ లోపలికి పోనివ్వడు అన్నాడు."

గట్టు మీద తల్లి ఫోన్ మోగింది. ఆవిడ ఎడమచేత్తో తీసి చెవి దగ్గర పెట్టుకుంది. విన్నకొద్దీ మొహం విప్పారింది. 

"మా పిచ్చుక కళ్ళు తెరిచిందట," అంది ఏడుస్తూ, నవ్వుతూ. "నర్సమ్మ చెబుతోంది. ఎవరితోనో ఏదో చెప్పాలంటోందట. స్పృహ రాగానే ముందు తనకే చెప్పమన్నాడట ఇన్‌స్పెక్టరు బాబు. చెప్పారట. దారిలోనే ఉన్నాను, ఐదు నిమిషాల్లో వస్తున్నానన్నాడట."

సూదమ్మ చేతిలో గ్లాసు ఎక్కడ పెట్టిందో చూసుకోలేదు. అప్పటికే వీధిలో పరిగెడుతోంది, చెప్పులు లేకుండా.